మనం నిద్రపోయిన తరువాత ఇంటి రౌటరు ఎవరితో మాట్లాడుతుంది?

(ఎం.ఎస్సీ. రెండవ సంవత్సరం విద్యార్థి)

గోడలకు చెవులుంటాయని మన పెద్దలు ఏనాడో చెప్పారు. కాని గోడకు తగిలించిన ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బాకు చెవులతోబాటు నోరు కూడా ఉంటుందని, ఆ నోరు రాత్రింబవళ్ళు మూతపడదని వారు ఊహించి ఉండరు. ఈనాడు పట్నాల్లోనే కాదు, అరకు లోయలోను, దాని చుట్టూ ఉన్న మన్యం గ్రామాల్లోను అటువంటి డబ్బాలు ఇళ్ళలోకి వచ్చాయి. దాన్ని మనం రౌటరు అంటున్నాం. కొందరు వైఫై డబ్బా అంటారు, మా ఊళ్ళో నెట్టు పెట్టె అంటారు.

మొన్న దసరా సెలవులకు ఇంటికి వెళ్ళాను. రాత్రి పది దాటింది. ఫోన్లన్నీ కట్టేశాం. టీవీ ఆపేశాం. చలికి కుంపటి పక్కన చేరిన మా మామ్మ ఆ పెట్టె వైపే చూస్తూ ఉన్నది. దాని మీది ఆకుపచ్చ దీపం మిణుకు మిణుకుమంటూనే ఉంది.

"ఏట్రా నాయనా, అందరం తొంగున్నాక కూడా ఆ డబ్బా ఎవుల్తో మాటాడతంది?" అని అడిగింది.

"ఏం లేదులే మామ్మా, అది ఊరికే అలా వెలుగుతుంది" అన్నాను.

అన్నాను గాని నాకు నిద్ర పట్టలేదు. విజ్ఞానశాస్త్రం చదువుతున్నానని ఊరంతా చెప్పుకొనే నాకు, అక్షరం ముక్క రాని మామ్మ వేసిన ప్రశ్నకు జవాబు తెలియదు. ఊరికే వెలిగే దీపం ప్రపంచంలో ఏదీ లేదు. సెలవుల నుంచి తిరిగి వచ్చిన తరువాత లైబ్రరీలోను, లాబ్‌లోను కూర్చుని తెలుసుకొన్న విషయాలను తోటి విద్యార్థుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కొండలకు తీగ వచ్చిన కథ

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ తీరాన్ని తాకినప్పుడు కరెంటు స్తంభాలతోబాటు టెలిఫోను వ్యవస్థ కూడా కుప్పకూలిన సంగతి మనలో చాలామందికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఆ తరువాతి సంవత్సరాల్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఫైబర్‌నెట్ సంస్థను స్థాపించి, నేలలో గోతులు తవ్వడానికి బదులు కరెంటు స్తంభాల మీదుగానే గాజు తీగ లాగే పద్ధతిని చేపట్టింది. 2017 డిసెంబరు 27న ఆనాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఈ పథకాన్ని ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్టు, టీవీ చానళ్ళు, టెలిఫోను మూడూ కలిపి ఇస్తామని అప్పట్లో ప్రకటించారు. తీగ లాగడం కష్టమైన చోట్ల కంటికి కనిపించని కాంతికిరణం ద్వారా ఒక చోటి నుంచి మరొక చోటికి సమాచారం పంపే పరికరాలు రెండు వేలు పెట్టాలని గూగుల్ వారి సోదర సంస్థ ఎక్స్‌తో అదే నెలలో ఒప్పందం కుదిరింది. తరువాత మన్యంలో సెల్ టవర్లు కూడా పెరిగాయి. తీగ రాని ఇళ్ళలో సిమ్ కార్డు వేసుకొనే చిన్న రౌటర్లు వచ్చాయి.

దీనివల్ల కలిగిన మేలును తక్కువ చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు. స్కాలర్‌షిప్పు దరఖాస్తు కోసం, కుల ధ్రువపత్రం కోసం ఘాట్ రోడ్డు దిగి రావలసిన అవసరం చాలావరకు తగ్గింది. కాఫీ ధర ఎంత పలుకుతున్నదో సంతకు పోకముందే తెలుస్తున్నది. ఐతే తలుపు తెరిస్తే గాలి లోపలికి వచ్చినట్లే లోపలి మాట బయటికి పోతుంది. వచ్చే గాలి గురించి అందరూ చెప్పారు. పోయే మాట గురించి ఎవరూ చెప్పలేదు.

రౌటరు అనగానేమి?

పల్లెటూరి పోస్టాఫీసును తలచుకోండి. ఊరి ఉత్తరాలన్నీ అక్కడికి చేరతాయి. పోస్టుమాస్టరు వాటిని సంచిలో వేసి రన్నరు చేత పైకి పంపుతాడు, పైనుంచి వచ్చిన సంచి విప్పి ఎవరి ఉత్తరం వారికి పంచుతాడు. రౌటరు చేసే పని సరిగ్గా ఇదే. ఇంట్లోని ఫోన్లు, కంప్యూటరు, టీవీ పంపే చిన్న చిన్న సమాచారపు పొట్లాలను, అంటే ప్యాకెట్లను, బయటికి పంపుతుంది. బయటినుంచి వచ్చినవాటిని ఎవరివి వారికి అందజేస్తుంది.

ఇంతవరకు అందరికీ తెలిసినదే. తెలియనిదేమంటే, ఈ పోస్టుమాస్టరు మన ఉత్తరాలు మోయడంతో ఆగక తన సొంత ఉత్తరాలు కూడా రాస్తాడు. మనం అడగకపోయినా, మనకు చెప్పకపోయినా, మనం నిద్రలో ఉన్నా రాస్తూనే ఉంటాడు. ఆ రాత్రి మా మామ్మ చూసిన మిణుకుల్లో కొన్ని ఆ ఉత్తరాలవే.

కరెంటు వచ్చిన మొదటి నిమిషంలో

మన్యంలో కరెంటు పోవడం, రావడం రోజువారీ సంగతి. వచ్చిన ప్రతిసారీ రౌటరు కొత్తగా నిద్రలేచినట్లు లేస్తుంది. ఆ మొదటి నిమిషంలో అది ఏమేమి చేస్తుందో క్రమంగా చూద్దాం.

మొదట తనకొక చిరునామా కావాలని సర్వీసు ఇచ్చే సంస్థను అడుగుతుంది. ఆ అడగడంలోనే తన మాక్ నంబరు చెబుతుంది. ఇది ప్రతి పరికరానికి ఫ్యాక్టరీలో వేసే 48 బిట్ల గుర్తింపు సంఖ్య. ఇందులో మొదటి సగాన్ని బట్టి తయారుచేసిన కంపెనీ ఏదో తెలిసిపోతుంది.

రెండవది, టైము అడగడం. సాధారణంగా ఇంటి రౌటర్లలో గడియారాన్ని నడిపే బ్యాటరీ ఉండదు. కరెంటు పోతే దానికి కాలమే లేదు. అందుకే చాలా రౌటర్లు లేవగానే ఇది 1970 జనవరి 1 అనుకుంటాయి, ఎందుకంటే యూనిక్స్ పద్ధతిలో కాలం లెక్క మొదలయ్యేది ఆ రోజు నుంచే. సరైన టైము తెలియకపోతే ఎదుటివాడు చూపించే భద్రతా పత్రం గడువులో ఉన్నదో లేదో తేల్చలేదు. కనుక అది ఇంటర్నెట్టులోని ఏదో ఒక టైము సర్వరును "ఇప్పుడెంతయింది?" అని అడుగుతుంది. ఇందుకు వాడే ఎన్.టి.పి. పద్ధతిని అమెరికాకు చెందిన డేవిడ్ మిల్స్ 1985లో లోకానికి అందించాడు.

మూడవది, పేర్లను అంకెలుగా మార్చుకోవడం. మనం పేరు చెబుతాం, యంత్రానికి అంకె కావాలి. ఆ పేరు ఏ అంకెదో చెప్పే పుస్తకం వంటిది డి.ఎన్.ఎస్. దీన్ని 1983లో పాల్ మొకపెట్రిస్ రూపొందించాడు. రౌటరు తన పనుల కోసం కూడా ఈ పుస్తకాన్ని అడుగుతుంది.

నాలుగవది, లైను నిజంగా పనిచేస్తున్నదో లేదో పరీక్షించడం. కొన్ని రౌటర్లు ఇందుకోసం ఏదో ఒక పెద్ద వెబ్‌సైటు పేరును మాటిమాటికీ పిలిచి చూస్తాయి.

ఐదవది, "నాకు కొత్త ప్రోగ్రాము వచ్చిందా?" అని కంపెనీని అడగడం. ఇందులో తన మోడలు పేరు, ప్రస్తుతం ఉన్న ప్రోగ్రాము నంబరు చెప్పవలసి వస్తుంది.

ఆరవది ముఖ్యమైనది. సర్వీసు ఇచ్చే సంస్థ దూరం నుంచే రౌటరును సరిదిద్దడానికి టి.ఆర్.-069 అనే పద్ధతి 2004 నుంచి వాడుకలో ఉంది. దీని ప్రకారం రౌటరు నిర్ణీత కాలానికొకసారి సంస్థ వారి సర్వరుకు హాజరు చెప్పుకుంటుంది. అవతలివారు కోరితే సెట్టింగులు చూపుతుంది, మార్చనిస్తుంది, కొత్త ప్రోగ్రాము వేయనిస్తుంది. పాడేరు నుంచి మెకానిక్కు కొండెక్కి రాకుండా పని జరగడం దీనివల్లనే. కాని ఆ తలుపు తాళం చెవి మన దగ్గర లేదన్నది కూడా అంతే నిజం.

ఏడవది, కొన్ని కంపెనీల రౌటర్లలో ఉండే "మా సేవలు మెరుగుపరచడానికి" అనే నివేదిక. ఇంట్లో ఎన్ని పరికరాలున్నాయి, సిగ్నల్ ఎలా ఉంది వంటి వివరాలు ఇందులో ఉండవచ్చు. ఇది అన్ని రౌటర్లలో ఉండదు. ఉన్నచోట ఆపే వీలు ఒక్కొక్కప్పుడు ఉంటుంది, అది ఏ మూలనో దాగి ఉంటుంది.

కవరు అంటించినా చిరునామా కనిపిస్తుంది

"అంతా ఎన్‌క్రిప్షన్‌లో పోతుంది కదా, ఇక భయమేమిటి?" అని మా సహాధ్యాయి ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. పోస్టుకార్డు మీద రాసింది దారిలో ఎవరైనా చదవవచ్చు. కవరు అంటిస్తే లోపలి ఉత్తరం చదవలేరు. కాని కవరు మీద చిరునామా లేకపోతే ఉత్తరం చేరదు. ఎవరు, ఎవరికి, ఎప్పుడు, ఎన్నిసార్లు, ఎంత బరువు అన్న సంగతులు కవరు మీదనే తెలుస్తాయి.

ఇంటర్నెట్టులోను ఇంతే. డి.ఎన్.ఎస్. ప్రశ్నలు మామూలుగా పోస్టుకార్డుల వలెనే పోతాయి. వాటిని కూడా కవరులో పెట్టే పద్ధతులు ఇటీవలి సంవత్సరాల్లో వచ్చాయి గాని, అప్పుడు కూడా జవాబు చెప్పే సర్వరు వారికి ప్రశ్న తెలిసే తీరుతుంది. అంటే చూసేవాడు మారతాడు గాని చూపు మాయం కాదు. ఎవరిని నమ్మాలో ఎంచుకొనే హక్కు మాత్రం మనకు మిగులుతుంది.

రౌటరు పంపే ఒక్కొక్క కబురులో రహస్యమేమీ ఉండకపోవచ్చు. "టైమెంత?" అన్న మాటలో దోషమేముంది? కాని రోజుల తరబడి వాటిని పోగుచేస్తే ఆ ఇంట్లో కరెంటు ఎప్పుడు పోయిందో, పెట్టె ఏ కంపెనీదో, దాని ప్రోగ్రాము ఎంత పాతదో తెలుస్తుంది. పాత ప్రోగ్రాము అని తెలియడమంటే ఆ ఇంటి తాళం పాడైందని దొంగకు తెలియడమే. ఇంట్లోని ఫోన్ల రాకపోకలు కూడా కలిపి చూస్తే మనుషులు ఎప్పుడు లేస్తారో, ఎప్పుడు ఇంట్లో ఉండరో ఊహించవచ్చు.

కొండ మీద ఒంటరి దీపం

ఇక్కడ మన్యం విషయం పట్నం విషయం కంటె వేరని నా అభిప్రాయం. దీని గురించి చదివిన పుస్తకాలన్నీ పట్నాల వారు పట్నాల వారికోసం రాసినవే. విశాఖపట్నంలో ఒక అపార్టుమెంటులో నిలబడి ఫోను తీస్తే ఇరవై వైఫై పేర్లు కనిపిస్తాయి. ఆ గుంపులో ఒకటి ఎవరిదో తేల్చడం కష్టం. గుంపే అక్కడ రక్షణ.

మా వైపు పదిహేను ఇళ్ళున్న గూడెంలో ఒకే ఒక రౌటరు ఉంటుంది. ఇక దాచడానికి గుంపేదీ? ఆ పెట్టె గురించి తెలిసిందంటే ఆ ఇంటి గురించి, ఒక్కొక్కప్పుడు ఆ గూడెం గురించి తెలిసినట్లే. చీకటి కొండ మీద ఒంటరి దీపం ఎంత దూరానికైనా కనబడుతుంది గదా!

ఇది ఉత్త ఊహ కాదు. మన ఫోన్లు చుట్టుపక్కల ఉన్న వైఫై పెట్టెల నంబర్లను, అవి ఉన్న చోటును పెద్ద కంపెనీల పట్టికలకు చేరవేస్తుంటాయి. జి.పి.ఎస్. అందనిచోట కూడా "మీరిక్కడ ఉన్నారు" అని ఫోను చెప్పగలగడానికి కారణం ఇదే. 2024లో అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆపిల్ కంపెనీ వారి అటువంటి పట్టికను బయటినుంచి ప్రశ్నలు వేసి, ప్రపంచమంతటా సుమారు 200 కోట్ల వైఫై పెట్టెల ఉనికిని రాబట్టవచ్చునని చూపించారు. అందులో మీ పెట్టె లేదని, మా పెట్టె లేదని చెప్పలేము.

పూర్వం మన్యంలో పై అధికారులకు కబురు పోవాలంటే ముఠాదారు ద్వారా పోయేది. ఆ ముఠాదారు ఎవరో, ఎవరి మనిషో ఊరందరికీ తెలుసు. అతని ముందు ఏ మాట ఆడాలో, ఏది ఆడకూడదో కూడా తెలుసు. ఈనాడు కబురు మోసే పెట్టె మన చూరు కిందనే ఉన్నది. కాని అది ఎవరి మనిషో మనకు తెలియదు.

మంచి ఉద్దేశం, చెడ్డ లెక్క

రౌటరు తెలియక చేసే హానికి ఒక ప్రసిద్ధమైన ఉదాహరణ ఉంది. ఇది విద్యార్థులందరూ తెలుసుకోదగినది, ఎందుకంటే దెబ్బతిన్నది ఒక విశ్వవిద్యాలయం.

2003 మే నెలలో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం, మాడిసన్ వారి టైము సర్వరు మీదికి ఉన్నట్టుండి వరద వచ్చిపడింది. సెకనుకు లక్షల సంఖ్యలో ప్యాకెట్లు! ఎవరో దాడి చేస్తున్నారనుకొన్నారు. అక్కడి నెట్‌వర్కు ఇంజనీరు డేవ్ ప్లాంకా శ్రమించి ఆరా తీస్తే దొంగ ఎవరూ లేడు. నెట్‌గేర్ కంపెనీ తయారుచేసిన కొన్ని ఇంటి రౌటర్లలో ఆ విశ్వవిద్యాలయం సర్వరు చిరునామాను శాశ్వతంగా రాసేశారు. జవాబు రాకపోతే సెకనుకొకసారి అడగమని కూడా రాశారు. అటువంటి రౌటర్లు 7 లక్షలకు పైగా అమ్ముడుపోయాయి. వరదకు అడ్డుకట్ట వేద్దామంటే చిక్కు: జవాబు అందకపోతే అవి ఇంకా ఎక్కువ అడుగుతాయి. చివరకు కంపెనీ తప్పు సరిదిద్ది, విశ్వవిద్యాలయానికి 3,75,000 డాలర్లు ఇచ్చింది. కాని ఇళ్ళలో కూర్చున్న పాత రౌటర్లను వెనక్కి పిలవడం ఎవరి తరం?

ఆ ఏడు లక్షల ఇళ్ళలో ఎవరికైనా తమ పెట్టె ఒక కాలేజీ తలుపును సెకనుకొకసారి బాదుతున్నదని తెలుసునా? ఎవరికీ తెలియదు.

రెండవ ఉదాహరణ మన జేబుకు సంబంధించినది. టీపీ-లింక్ కంపెనీ వైఫై రిపీటర్లు కొన్ని 5 సెకన్లకొకసారి డి.ఎన్.ఎస్. ప్రశ్నలు ఆరు, టైము ప్రశ్న ఒకటి చొప్పున పంపుతున్నాయని 2017లో బయటపడింది. లైను బాగున్నదని తమ సెట్టింగుల పేజీలో చూపించుకోవడానికే ఈ హడావుడి అంతా. లెక్క వేద్దాం. రోజుకు 86,400 సెకన్లు. 5తో భాగిస్తే 17,280 సార్లు. నెలకు 5,18,400 సార్లు. ఒక్కొక్క సారికి రానుపోను సుమారు 1,400 బైట్లు అనుకొన్నా నెలకు 700 మెగాబైట్లు దాటుతుంది! లెక్కలేని లైను ఉన్నవారికి ఇది ఆవగింజ. సిమ్ కార్డులో కొలిచి డేటా వేయించుకొనే గూడెం వాడికి? నెలాఖరులో పిల్లవాడి ఆన్‌లైన్ పాఠం ఆగిపోతే తండ్రి పిల్లవాణ్ణే తిడతాడు గాని గోడ మీది పెట్టెను అనుమానించడు.

తాళం వేయని తలుపు

ఇంతవరకు చెప్పినది తెలివితక్కువ వల్ల వచ్చే నష్టం. ఇక దురుద్దేశంతో జరిగేది.

2016లో మిరాయి అనే పురుగు లాంటి ప్రోగ్రాము ప్రపంచమంతటా పాకింది. అది చేసిన గొప్ప మాయ ఏమీ లేదు. ఫ్యాక్టరీలో పెట్టే పాస్‌వర్డులు ఓ అరవై జాబితాగా పెట్టుకొని, కనిపించిన ప్రతి కెమేరా మీద, రౌటరు మీద వరుసగా ప్రయోగించింది. మార్చనివారి తలుపులన్నీ తెరుచుకొన్నాయి. ఆ ఏడాది నవంబరు చివర దాని తమ్ముడు వంటి మరొక ప్రోగ్రాము, పైన చెప్పిన టి.ఆర్.-069 తలుపు గుండా జొరబడబోగా, జర్మనీలో డాయిష్ టెలికాం వారి సుమారు 9 లక్షల ఇళ్ళలో లైన్లు ఆగిపోయాయి. మన దేశంలో 2017 జులైలో బి.ఎస్.ఎన్.ఎల్. వారి బ్రాడ్‌బాండు మోడెములు వేల సంఖ్యలో ఇటువంటి దాడికి గురైనప్పుడు, ఫ్యాక్టరీ పాస్‌వర్డు మార్చుకొమ్మని ఆ సంస్థే వినియోగదారులను కోరింది.

వీటన్నిటికంటె నన్ను భయపెట్టింది బ్రెజిల్ ఉదంతం. అక్కడ 2011 నుంచి సుమారు 45 లక్షల మోడెముల్లో దొంగలు జొరబడి డి.ఎన్.ఎస్. చిరునామా ఒక్కటి మార్చారు. అంటే ఊరి పేర్ల పుస్తకాన్నే మార్చేశారు. ఇంట్లోవారు బ్యాంకు పేరు సరిగ్గానే కొడతారు, తెరుచుకొనేది దొంగ బ్యాంకు. కంప్యూటరులో ఏ దోషమూ ఉండదు.

ఇది ఎక్కడో బ్రెజిల్‌లో కదా అనుకోకండి. మా వైపు సంతకు పోయే దారిలో ఒక చిన్న కొట్టు ఉంది. చుట్టుపక్కల గూడేలవారు దరఖాస్తులు పెట్టించుకొనేది అక్కడే. నేను ఇంటర్మీడియట్ తరువాత స్కాలర్‌షిప్పు దరఖాస్తు పెట్టింది కూడా అక్కడే. ఒకసారి ఆ కొట్టులో ఏ వెబ్‌సైటు తెరిచినా జూదం ప్రకటనలు రాసాగాయి. కంప్యూటరులో వైరస్ అనుకొని అంతా తుడిచి కొత్తగా వేయించారు. మళ్ళీ అదే తంతు. ఆ వైఫై పట్టుకొన్న ఫోన్లలో కూడా అవే ప్రకటనలు వస్తున్నాయని గమనించిన తరువాత గాని రౌటరు మీద ఎవరికీ అనుమానం రాలేదు. తెరిచి చూస్తే డి.ఎన్.ఎస్. గడిలో ఎవరిదో తెలియని అంకె ఉంది. యూజర్ పేరు "అడ్మిన్", పాస్‌వర్డు కూడా "అడ్మిన్". బిగించినవారు దాన్ని మార్చమని చెప్పలేదు. కొట్టతనికి మార్చాలని తెలియదు.

కంప్యూటరు మధ్యలో ఒకటి రెండుసార్లు "ఈ చోటు నమ్మదగినది కాదు" అని ఎర్ర అక్షరాలతో హెచ్చరించిందట. పని ఆగిపోతుంది, వెనుక జనం వరుసలో నిలబడి ఉన్నారు, అందుకని దాటవేశారట. ఆ రోజుల్లో అక్కడ ఎందరు ఆధార్ నంబర్లు చెప్పారో, ఎందరు ముసలివాళ్ళు ఓ.టి.పి. చదివి వినిపించారో ఎవరు చెప్పగలరు? డబ్బు పోయిందని ఎవరూ ఫిర్యాదు చేయలేదు. పోయినా పోయిందని తెలిసే దారి వారికి ఉన్నదా అన్నదే నా ప్రశ్న.

ఎంతవరకు భయపడాలి?

పెనానికి భయపడి పొయ్యిలో పడినట్లు కాకూడదు. రౌటరు తనంతట తాను చేసే ప్రతి పనీ గూఢచర్యం కాదు. టైము అడగకపోతే భద్రత చెడుతుంది. కొత్త ప్రోగ్రాము అడగకపోతే పాత కన్నాలు అలాగే ఉండిపోతాయి. భయపడి అన్నీ ఆపేసినవాడి ఇల్లే ముందు దోపిడీకి గురవుతుంది.

కనుక ఈ కబుర్లను మూడు విధాలుగా విభజించుకోవడం మంచిది. చిరునామా, టైము, ప్రోగ్రాము సవరణ అవసరమైనవి. దూరం నుంచి మరమ్మతు, వాడకం నివేదికలు మనకు చెప్పి, మన అనుమతితో ఉండవలసినవి. తెలియని దేశంలోని తెలియని సర్వరుకు పోయేవి, మనం మార్చని డి.ఎన్.ఎస్. అంకె మారడం, రాత్రంతా ఆగకుండా పోయే పెద్ద పెద్ద పొట్లాలు, ఇవి అనుమానించదగినవి.

తేల్చుకొనేదెలా? ఇంటి కంప్యూటరులో వైర్‌షార్క్ వంటి ప్రోగ్రాము పెడితే ఆ కంప్యూటరు మాటలే కనిపిస్తాయి గాని రౌటరు సొంత మాటలు కనిపించవు. అవి రౌటరుకు అవతలి వైపు పోతాయి. మోడెము వేరుగా, రౌటరు వేరుగా ఉన్న ఇంట్లో వాటి మధ్య ఒక స్విచ్చి పెట్టి నకలు తీసి చూడవచ్చు. కాని గాజు తీగ నేరుగా పెట్టెలోకే వచ్చే ఇళ్ళలో మధ్యలో చేయి పెట్టే చోటు లేదు. అక్కడ పెట్టె చూపించే లాగ్ ఒక్కటే దిక్కు. అంటే మన ఇంట్లో, మన కరెంటుతో నడిచే యంత్రం ఏం మాట్లాడుతున్నదో దాన్నే అడిగి నమ్మవలసి ఉన్నది. ఈ పరిస్థితి శాస్త్ర విద్యార్థికి నచ్చదు, నచ్చకూడదు.

చట్టం ఏమంటున్నది?

2017 ఆగస్టు 24న జస్టిస్ పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలను 2025 నవంబరులో ప్రకటించి, దశలవారీగా అమలు చేయాలని నిర్ణయించారు. మన సమాచారం తీసుకొనేవారు ఏది, ఎందుకు తీసుకుంటున్నారో మనకు అర్థమయ్యేట్లు చెప్పి అనుమతి కోరాలన్నది ఈ చట్టం సారాంశం. రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలోనైనా ఆ నోటీసు చదువుకొనే వీలు ఉండాలి. తెలుగు అందులో ఉన్నది. కాని కువి గాని, మా కొండల్లోని ఇతర భాషలు గాని ఆ షెడ్యూలులో లేవు. అనుమతి అడిగే భాషే అర్థం కానివాడు ఇచ్చిన అనుమతికి విలువ ఏమిటో న్యాయశాస్త్ర విద్యార్థులు ఆలోచించాలని నా మనవి.

మరొక మాట. చూసే నేర్పు వచ్చింది కదా అని హాస్టల్‌లో పక్కవాడి రాకపోకల్లోకి తొంగి చూడడం 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం కింద నేరమవుతుంది. మన ఇంటి పెట్టెను పరీక్షించుకొనే హక్కు మనది, అంతవరకే.

మనం చేయదగినవి

1. రౌటరు సెట్టింగుల పాస్‌వర్డు, వైఫై పాస్‌వర్డు రెండూ వేరువేరు. రెండూ మార్చండి. కాగితం మీద రాసి పెట్టె వెనుక కాక ట్రంకు పెట్టెలో దాచండి.

2. బయటినుంచి సెట్టింగులు తెరిచే వీలు, బటను నొక్కి వైఫై కలిపే డబ్ల్యు.పి.ఎస్. అవసరం లేకపోతే ఆపేయండి.

3. ప్రోగ్రాము సవరణలు రానివ్వండి. కంపెనీ సవరణలు ఆపేసిన పాత పెట్టెను, పనిచేస్తున్నా సరే, మార్చడం మేలు.

4. నెలకొకసారి డి.ఎన్.ఎస్. గడిలోని అంకె చూసి డైరీలో రాసుకోండి. మనం మార్చకుండా మారితే పెట్టెను ఫ్యాక్టరీ స్థితికి తెచ్చి పాస్‌వర్డు మార్చాలి.

5. వైఫై పేరుగా ఇంటి పేరు, మనిషి పేరు పెట్టకండి. పేరు చివర అండర్‌స్కోర్, దాని పక్కన నోమ్యాప్ అని ఇంగ్లీషు అక్షరాలలో చేరిస్తే గూగుల్ తన స్థల పట్టికలో ఆ పెట్టెను వాడుకోదు.

6. ఎర్ర అక్షరాల హెచ్చరిక వస్తే పని ఆపండి. వెనుక వరుస ఎంత పొడుగున్నా సరే.

7. అనుమానం వస్తే, కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం వెబ్‌సైటులో కంప్యూటర్లను, ఫోన్లను శుభ్రపరిచే పనిముట్లు ఉచితంగా దొరుకుతాయి.

ఇవన్నీ చేయడానికి అరగంట చాలు. కాని ఆ అరగంట ఎవరు వెచ్చిస్తారు? మన కళాశాలలో ఎన్.ఎస్.ఎస్. శిబిరాలకు ఏటా పల్లెలకు వెళుతున్నాం. చెట్లు నాటుతున్నాం, రోడ్లు ఊడుస్తున్నాం. ఈసారి శిబిరంలో ఒక పూట, ఇంటివారి అనుమతితో, వారి ఎదుటనే కూర్చుని, ఊరి రౌటర్ల పాస్‌వర్డులు వారి చేతనే మార్పిస్తే ఎలా ఉంటుంది? ముఖ్యంగా దరఖాస్తులు పెట్టే కొట్లలో. విద్యార్థి సంఘం ఈ విషయం ఆలోచించాలని కోరుతున్నాను.

ముగింపు

సంక్రాంతికి మళ్ళీ ఇంటికి వెళ్ళాను. ఈసారి మామ్మ అడగకముందే చెప్పాను: "మామ్మా, ఆ డబ్బా టైమెంతయిందని అడుగుతుంది. తనకేమైనా జబ్బుందా అని కంపెనీవాళ్ళను అడుగుతుంది. మేం బతికే ఉన్నామని లైనువాళ్ళకు చెబుతుంది. కొత్తవాళ్ళెవరైనా వచ్చి తలుపు కొడితే తియ్యకుండా నేను గడియ వేశాను."

మామ్మ కాసేపు ఆలోచించింది. "మంచిదేరా. మరి అది మన ఇంటి సంగతి బయట చెప్పేముందు మనల్ని అడగొద్దా?" అంది.

సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులు చెప్పిన మాట కూడా ఇంచుమించు అదే. ఆ మాటను మామ్మకు అర్థమయ్యే భాషలో, మామ్మ ఇంటి గోడ మీది పెట్టె దాకా తీసుకొనిపోవడం మాత్రం చదువుకొన్న మన వంతు.